మజ్జిగమ్మ కళ్ళు

తెల్లవారుజామున స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, దేవుడి గూటి ముందు దండం పెట్టుకున్నాక ధనంజయ చేసే మొదటి పని తన ఎడమచేతి బొటనవేలి గోటి మీద ఒక కన్ను గీయడం. ఉడుత వెంట్రుకల కుంచెను నల్లరంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, పై రెప్ప, కింది రెప్ప, నడుమ నల్లగుడ్డు, అందులో ఆవగింజంత తెల్లచుక్క పెట్టేవాడు. ఆ గోరంత కన్ను తనను పలకరించినట్టుంటే చెయ్యి కుదురుగా ఉన్నట్టే. కాఫీ తాగేలోపల దాన్ని తుడిచేసి పనికి బయలుదేరేవాడు. ఈ అలవాటు వాళ్ళ నాయన మునస్వామి నేర్పింది. “దేవుడి మొగం ముట్టుకునే ముందు నీ ఒంటి మీద నువ్వే పరీచ్చ పెట్టుకోరా” అనేవాడాయన.

వాళ్ళది పూతలపట్టు దగ్గర ఒక పల్లె. గుడి గోపురాల మీది బొమ్మలకు రంగులు వేయడం ఇంటి పని. ధనంజయ పదిహేనేళ్ళ వయసులో నాయన వెంట గోపురం చుట్టూ కట్టిన కర్రలెక్కి, నలభై దాటినా దిగలేదు. చిత్తూరు చుట్టుపక్కల ఎన్ని గోపురాల మీద ఎందరు అమ్మవార్లు ఆయన చేతిలో కళ్ళు తెరిచారో ఆయనకే గుర్తులేదు. అయితే ఒక మాట నిజం. అంతకాలంలో ఆయన ఒక్క మనిషికి కూడా రంగు వేయలేదు. అందరూ దేవుళ్ళే.

అందుకే, రెండువేల రెండులో చంద్రగిరి కోట నుంచి కొండమెట్ల వైపు పోయే దారి పొడుగునా సిమెంటు బొమ్మలు పెడుతున్నామని, వాటికి రంగులు వేయాలని కబురొచ్చినప్పుడు ఆయన ముందు నమ్మలేదు. ఆ దారిన నడిచి వెళ్ళే భక్తులు చూడాలని మామూలు మనుషుల బొమ్మలు పెడుతున్నారు. డప్పు కొట్టేవాడు, కుండలు చేసేవాడు, పూలమాల కట్టే పడుచు, తల గొరిగే మంగలాయన. బొమ్మలు పోసేవాడు గుడియాత్తం మేస్త్రి ఏకాంబరం. పని చూసే ఇంజనీరు జయరావు నెమ్మదైన మనిషి. ఎండలో ఎవరైనా పని చేస్తుంటే తన గొడుగు వాళ్ళకిచ్చి తాను చెట్టు కింద నిలబడేవాడు.

చివరి బొమ్మ మజ్జిగ పోసే అమ్మ. చంకలో కుండ, కాస్త ముందుకు వంగిన నడుము. కుండ మూతి దగ్గర ఒక కొళాయి. నడిచొచ్చినవాళ్ళు దాన్ని తిప్పి దోసిలి పడితే మంచినీళ్ళు వస్తాయి.

ఆ బొమ్మను చూడగానే ధనంజయకు తన తల్లి గుర్తొచ్చింది. వాళ్ళమ్మ చెంగమ్మ తమిళుల పెరటాసి నెలంతా రోడ్డు పక్కన కుండ పెట్టుకుని కూర్చునేది. తమిళదేశం నుంచి పసుపు గుడ్డలు కట్టుకుని నడిచొచ్చే భక్తులకు మజ్జిగ పోసేది. పోస్తూ వాళ్ళ ముఖంలోకి చూసేది. గోవిందుడు ఎవరి రూపంలో వస్తాడో తెలియదని కాదు. ఇంకొంచెం పోయాలా వద్దా అని ముఖం చూసి తెలుసుకునేది.

“మేస్త్రీ, ఈయమ్మ ముక్కు కొంచెం పక్కకి తిప్పు. మా అమ్మది అట్లే ఉండేది” అన్నాడు ధనంజయ.

“ఏమప్పా, మీ అమ్మకు ముక్కు వంకరని ఊరంతా సాటేస్తావా?” అని నవ్వుతూనే ఏకాంబరం తడి సిమెంటు మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. అంతే, చెంగమ్మ వచ్చి నిలబడింది.

చీరకు చిలకపచ్చ రంగు, అంచుకు ఎరుపు, చేతులకు చామనఛాయ, అన్నీ అయ్యాక ఒక గురువారం పొద్దున ఆయన బొమ్మకు కళ్ళు గీసి తెరిపించాడు. చెయ్యి ఏనాడూ అంత సాఫీగా నడవలేదు.

ఆ బొమ్మకు ఎదురుగా సంతోషమ్మ పూలగంప పెట్టుకునేది. పూలు కొనలేని ఆడమనిషి ఎవరైనా బోసి జడతో నడిచొస్తే ఒక మూర తుంచి చేతిలో పెట్టేది. “ఊరికే గాదులే, పైన నా పేరున గూడా ఒక దండం పెట్టుకోని రా” అనేది. ఆ గురువారం ఆమె తల ఎత్తి బొమ్మను చూసింది. చూసి, చెప్పులు విడిచింది. గంపలోంచి ఒక మల్లెదండ తీసి బొమ్మ మెడలో వేసి, తన నుదుటి కుంకుమ తీసి బొమ్మ నుదుట అద్దింది.

ఒకరు అద్దితే పదిమంది అద్దుతారు. శుక్రవారానికి పసుపు వచ్చింది. శనివారానికి టెంకాయలు వచ్చాయి. ఆదివారానికి ఎవరో ఆకుపచ్చ గాజులు తెచ్చి సిమెంటు చేతికి దారంతో కట్టారు. “మజ్జిగమ్మ” అని పేరు కూడా పెట్టేశారు.

“నీకేమప్పా, మీ అమ్మని దేవతను జేసినారు” అన్నాడు ఏకాంబరం. “ఇంకేం గావాల?”

ధనంజయకూ మొదట కడుపు నిండినట్టే అనిపించింది. కానీ ఆదివారం మధ్యాహ్నం ఒక ముసలాయన ఎండలో తూలుతూ వచ్చాడు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. బొమ్మ ముందు నిలబడి దండం పెట్టాడు. కొళాయి తిప్పి, ఉద్ధరిణెడు నీళ్ళు అరచేతిలో పట్టి, కళ్ళకద్దుకుని, నాలుక మీద ఒక చుక్క వేసుకుని, మిగిలింది తల మీద చల్లుకున్నాడు.

“తాతా, కడుపునిండా తాగు. తాగే నీళ్ళే అవి” అన్నాడు ధనంజయ.

“తప్పు నాయనా. అమ్మోరి తీర్థం గదా. కడుపునిండా తాగుతారా ఎవురన్నా?” అని ముసలాయన ముందుకు నడిచాడు. సంతోషమ్మ గబగబా లేచి తన చెంబులో నీళ్ళు పట్టుకుని వెంటబడింది.

ధనంజయ కొళాయి కట్టేసి బొమ్మ పక్కనే కూర్చున్నాడు. అమ్మ ముందు నుంచి ఒక మనిషి దాహంతో వెళ్ళిపోయాడు. ఆమె బతికుండగా అలా ఎప్పుడైనా జరిగిందా?

ఆ సాయంత్రం జయరావు వచ్చి, టెంకాయ చిప్పలు తొక్కకుండా పక్కగా నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

“ధనంజయా, బుధవారం పెద్దవాళ్ళు ప్రారంభానికి వస్తున్నారు. రోడ్డు పక్కన కొత్త గుడి వెలిసిందంటే నేనేం చెప్పను? కొళాయి దగ్గర టెంకాయలు కొడితే అది మూడురోజులు నిలవదు. నీకు ఏమన్నా ఉపాయం ఉంటే మంగళవారం లోపల చూడు. లేకపోతే ఈ బొమ్మను తీయించి గోడౌన్‌లో పెట్టించాల్సి వస్తుంది. నాకూ ఇష్టం లేదయ్యా.”

ఆయన వెళ్ళిపోయాక ధనంజయ లేచి నడిచాడు. దారి అవతలికి, అక్కడి నుంచి ఇంకా వెనక్కి, చింతచెట్టు దాకా పోయి తిరిగి చూశాడు. అంత దూరం నుంచి చెంగమ్మ చల్లగా, కన్నతల్లిలా ఉంది. అడుగడుగునా దగ్గరికి వచ్చాడు. వచ్చేకొద్దీ ఆ కళ్ళు పెద్దవయ్యాయి. ఎదురుగా నిలబడేసరికి ఆయనకే చేతులు జోడించబుద్ధయింది.

తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. అవి గోపురం కళ్ళు. కింద నేల మీద నిలబడి తలెత్తేవాళ్ళ కంటికి ఆనాలని, ఎనభై అడుగుల ఎత్తున గీసే కళ్ళు. చెవుల దాకా సాగిన రెప్పలు, లోకమంతటినీ ఒకేసారి చూసే గుడ్లు. అలవాటైన చెయ్యి వాటినే తెచ్చి మనిషి ఎత్తున ఉన్న ముఖానికి పెట్టింది. దారినపోయేవాళ్ళ తప్పేముంది? అంత చూపు మూరెడు దూరంలో కనిపిస్తే ఎవరైనా చెప్పులు విడవాల్సిందే. ఇంతకాలం తన గోటి మీద రోజూ గీసుకున్న చిన్న కన్ను ఆయనకు గుర్తొచ్చింది. అది మనిషిని దగ్గరగా చూసే కన్ను. దాన్ని ఏ బొమ్మకూ పెట్టలేదు. రోజూ తుడిచేశాడు.

దిద్దడం చిన్న పనే. కానీ తెరిచిన కళ్ళ మీద రంగు పూయడానికి ఆయనకు మనసొప్పలేదు. పదిమంది మొక్కిన కళ్ళు. తానే ఎలా మూస్తాడు? గుడిలోనైతే దానికొక పద్ధతి ఉంది. పాత గోపురానికి రంగులు వేసే ముందు అయ్యవారు కలశం పెట్టి, బొమ్మల్లోని దేవతను ఆ నీళ్ళలోకి రమ్మని వేడుకుంటారు. కలశం గుడి లోపలికి వెళ్ళాకే కుంచె పైకెక్కుతుంది. మరి ఇక్కడ అయ్యవారెవరు?

సోమవారం పొద్దున గోటి మీద కన్ను గీసుకున్నాడు. ఆ రోజు దాన్ని తుడవలేదు. నేరుగా సంతోషమ్మ గంప దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

“అక్కా, మొన్న నువ్వు కుంకుమ ఎందుకు పెట్టినావు?”

సంతోషమ్మ పూలు కడుతున్న చేతిని ఆపింది. “తప్పు జేసినానా అప్పా?”

“తప్పు నాది. నువ్వు జెప్పు.”

“ఆ పొద్దు నా మనసు బాగలేదు. ఈడ కూసోని ఇన్నేండ్లయె, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ పూలు సూస్తారు గానీ నన్ను సూసేదెవురు? ఆయమ్మ నన్నే సూసినట్టుండె. అంతే.”

ధనంజయ సంగతంతా చెప్పాడు. గోపురం కళ్ళ గురించి, కలశం గురించి, గోడౌన్ గురించి. ముసలాయన మాట చెప్పనక్కర లేకపోయింది, ఆమెకు తెలుసు.

“నువ్వు పిలిస్తే వచ్చిందక్కా ఆ తల్లి. నువ్వు పిలిస్తేనే పోతుంది. రేపు తెల్లారి చెంబులో నీళ్ళు పెట్టుకోని ఆయమ్మ ముందర నిలబడు. మా ఇంటికి రామ్మా అని పిలువు. ఆ నీళ్ళు తీసుకపోయి నీ దేవుడి గూట్లో పెట్టుకో.”

“మాది రేకుల ఇల్లప్పా. ఆయమ్మ వస్తుందా?”

“మా అమ్మది బోదగడ్డి కొట్టం. బాగా వస్తుంది.”

సంతోషమ్మ నవ్వబోయి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “సరే. ఇదేనా నీకు గావాల్సింది?”

“ఇంకొకటుండాది.” ధనంజయ తన బొటనవేలు ఆమెకు చూపించాడు. “ఇట్లాంటి కళ్ళు పెట్టాల. మా అమ్మ సూపు నాకు సగమే గుర్తుండాది. నువ్వు బోసి జడతో వచ్చేవాళ్ళకి పూలు ఇచ్చేటప్పుడు ఒక సూపు సూస్తావే, అది అచ్చం అట్లే ఉంటాది.”

“అయ్యో నా రాత! నన్ను సూసి గీస్తే బొమ్మకు కోతికళ్ళు వస్తాయి, సూడు!”

“రానీలే. కోతి ముందర ఎవురూ టెంకాయ కొట్టరు.”

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

“రేపు చెంబు ఇంట్లో పెట్టి మళ్ళీ రా అక్కా. ఆ బొమ్మ పక్కన నిలబడు. నేను తెలిసినోణ్ణి అనుకోవద్దు. చానా దూరం నడిచి, నోరెండి, అడగను సిగ్గుపడి నిలబడినాను అనుకో. నేను కుంచె పట్టుకున్నంత సేపు, వాళ్ళను నువ్వు సూసే సూపే నన్నూ సూస్తా ఉండు.”