ఇంట పెరిగినవాడు

నా చిన్నప్పుడు మా వంశమంతా ఒక మనిషి నోట్లో ఉండేది. రెండు మూడేళ్ళకొకసారి, ఎండలు ముదరక ముందు, ఆయన చేతిగంట వాయించుకుంటూ మా ఊరొచ్చేవాడు. రైతుల అరుగుల మీద కూర్చుని ఎవరి తాతముత్తాతల పేర్లు వాళ్ళకు రాగం తీసి అప్పజెప్పేవాడు. కాగితం ముక్క ఉండేది కాదు. ఏడు తరాల పేర్లు గడగడా చెప్పి, ధాన్యం, పాత బట్టలు మూటగట్టుకుని వెళ్ళిపోయేవాడు. మా తాతయ్య మాత్రం ఆయనకు కొత్త పంచెల చాపు పెట్టేవాడు. ఊళ్ళో ఇంకెవరూ అంత పెట్టేవాళ్ళు కారు. మా తాతయ్య చెయ్యి పెద్దదని నేను మురిసిపోయేదాన్ని.

మా ఊరు నందిగామకు నాలుగు మైళ్ళు. ఆ ఏడు నేను ఆరో తరగతి. మాస్టారు మా అందరినీ ఇంట్లో పెద్దవాళ్ళనడిగి ఎవరి వంశం వాళ్ళు రాసుకురమ్మన్నారు. సరిగ్గా అప్పుడే వంశం చెప్పే ఆయన దిగబడ్డాడు. నోట్‌బుక్కు పట్టుకుని ఆయన ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నాకో జబ్బుంది. విన్నది విన్నట్టే రాస్తాను, ఒక్క ముక్క మార్చను. దాని వల్ల తరవాత్తరవాత చాలామందితో మాటలు పడ్డాను గానీ ఆ జబ్బు వదల్లేదు.

ఆయన చెప్పినవన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఫలానావారి కడుపున పుట్టిన ఫలానా, ఆయన కడుపున పుట్టిన ఫలానా. మా తాతయ్య దగ్గరకొచ్చేసరికి గంట ఒకసారి ఎక్కువ మోగింది. "ఆయన ఇంట పెరిగిన" అని తాతయ్య పేరు చెప్పి, మళ్ళీ మా నాన్న దగ్గర కడుపున పుట్టినవాడే అన్నాడు.

సాయంత్రం తాతయ్య మంచం దగ్గర చేరి, అందరూ పుడితే నువ్వొక్కడివే పెరిగావేమని అడిగాను. తాతయ్య తడుముకోలేదు. తను అమ్మమ్మగారింట పుట్టాడట. వాళ్ళ నాన్న గుర్రమెక్కి వెళ్ళి, పసివాణ్ణి ఉత్తరీయంలో చుట్టి గుండెకు కట్టుకుని, మునేరు దాటించి తెచ్చాడట. వాగు పొంగుతోందట, గుర్రం మెడదాకా మునిగిందట. అందుకే ఆ మాట అంటారట. ఆ గుర్రం రంగు కూడా చెప్పాడు. నేనది రాసుకుని బడిలో నిలబడి చదివాను. నెల రోజులపాటు క్లాసులో ఎవరూ నా బెంచీ మీద కూర్చోవడానికి తగరన్నట్టు తిరిగాను.

సున్నం అవ్వ గురించి ఇప్పుడు చెప్పాలి. ప్రతి ఏడూ ఉగాదికి ముందు మా ఇంటి గోడలకు సున్నం వేయించేవాళ్ళు. జగ్గయ్యపేట దగ్గరి బట్టీల నుంచి సున్నం బండి వచ్చేది. బండి వెనక కాళ్ళు వేలాడేసుకుని ఒక ముసలమ్మ వచ్చేది. చేతులు మోచేతుల దాకా తెల్లగా పేలిపోయి ఉండేవి. ఆమె మా గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు, ఎవరూ రమ్మనే వాళ్ళు కారు. అరుగు కింద కూర్చునేది. దాహమంటే నేనే చెంబుతో వెళ్ళి, ఎత్తు నుంచి ఆమె దోసిట్లోకి నీళ్ళు పోసేదాన్ని. చెంబు ఆమె వేళ్ళకు తగలకుండా పొయ్యడం ఒక విద్యని నాకు గర్వంగా ఉండేది. ఆమె నన్ను "అమ్మాయిగారూ" అని, "మీరు" అని పిలిచేది. తాతయ్య ఎదురుగా మంచం మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. చూస్తూ ఉండేవాడు.

ఎడ్లూ పొలమూ తప్ప మరో పని ముట్టని తాతయ్య, సున్నం దగ్గర మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. రాయిని గోటితో మీటి చప్పుడు వినేవాడు, చిన్న పలుకు నాలిక మీద పెట్టుకుని ఊసేవాడు. గోలెంలో రాళ్ళు వేసి నీళ్ళు తనే పోసేవాడు. రైతుకు ఇదేం సరదా అని ఊళ్ళోవాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు.

గుర్రం కథ చదివిన నెలలోనే ఉగాది దగ్గరపడి సున్నం బండి వచ్చింది. ఆ రోజు గోలెంలో సున్నం కుతకుతలాడుతోంది. తాతయ్య వంగి కర్రతో కలుపుతున్నాడు. ఉన్నట్టుండి ఒక రాయి పగిలి, ఉడుకుతున్న సున్నం చిమ్మి ఆయన కళ్ళల్లో పడింది. ఆయన కర్ర వదిలేసి కూలబడ్డాడు. సున్నం అవ్వ లేచింది. ఎప్పుడూ దాటని గుమ్మం దాటి తిన్నగా వంటింట్లోకి పోయి, మేం తాగే నీళ్ళ బిందె చంకనెత్తుకుని వచ్చింది. బిందె ఎక్కడుంటుందో ఆమెకెలా తెలుసో నాకు ఇప్పటికీ తెలీదు.

"ఒరే చిన్నోడా, నులుముకోమాకరా. తలెత్తు. అక్కని చెబుతున్నా, తలెత్తు" అంది.

మా ఊళ్ళో మా తాతయ్యను ఒరే అనగల మనిషి బతికి లేదని నేననుకునేదాన్ని. ఆయన పసిపిల్లాడిలా తలెత్తాడు. ఆమె ఒక చేత్తో ఆయన గడ్డం పట్టుకుని, బిందె ఖాళీ అయ్యేదాకా కళ్ళల్లోకి నీళ్ళు పోస్తూనే ఉంది. నేను నాయనమ్మ వైపు చూశాను. తాగే నీళ్ళ బిందె బయటి మనిషి ముట్టుకుంటే ఇల్లెగరగొట్టే మనిషి మా నాయనమ్మ. ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఒక్క మాట అనలేదు. అప్పుడు నాకు తెలిసింది, ఆ ఇంట్లో ఆ సంగతి తెలియనిదాన్ని నేనేనని.

తాతయ్య కళ్ళు దక్కాయి. రెండు రోజులు తడిగుడ్డ కట్టుకుని పడుకున్నాడు. నేను నోట్‌బుక్కు తీసుకెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. ఆయనకు కనపడకపోయినా నా అడుగుల చప్పుడు తెలుసు.

"ఆరేళ్ళవాణ్ణి" అన్నాడు, నేను అడక్కుండానే. "అమ్మానాన్నా ఒకే వారంలో పోయారు. అక్కా నేనూ సున్నం బండితో ఈ ఊరొస్తే, పిల్లల్లేని ఈ ఇంటివాళ్ళు నన్ను ఉంచేసుకున్నారు. అక్క వెనక్కెళ్ళిపోయింది."

"మరి గుర్రం?"

"గుర్రం ఎక్కడిదే. గాడిద ఉండేది. సున్నం మోసేది."

వేరే కులం పిల్లవాణ్ణి పెంచుకున్నారని తెలిస్తే ఆ పెంపకం చెల్లదని దాయాదులు కోర్టుకెక్కుతారట, ఈ ఇల్లూ పొలమూ మాకు మిగలవట. అందుకే ఊళ్ళో దూరపు చుట్టాల పిల్లాణ్ణి పెంచుకున్నామని చెప్పుకున్నారట, నాకు మాత్రం అదీ చెప్పకుండా గుర్రం కథ కట్టాడట. వంశం చెప్పే ఆయన తండ్రికి నిజం తెలుసు, ఆయనకూ తెలుసు. అబద్ధం చెబితే నోరు పడిపోతుందని ఆయన పుట్టినవాడని అనడు, పంచెల చాపు తీసుకున్నాడు గనక ఇంకేమీ అనడు. తాతయ్య ఇదంతా నెమ్మదిగా చెప్పి, "రాయమాకమ్మా" అన్నాడు.

నాకు పొలం గురించి బెంగ కలగలేదు. సున్నపు బట్టీల్లో పుట్టాడని చిన్నతనమూ అనిపించలేదు. నేను ఎత్తు నుంచి నీళ్ళు పోస్తుంటే చూస్తూ కూర్చున్నాడే, అది మండిపోయింది. సొంత అక్కను అరుగు కింద కూర్చోబెట్టి, మనవరాలి చేత అలా నీళ్ళు పోయించాడు. నాకు గుర్రం రంగు చెప్పిన నోటితో, చెంబు దించి ఇవ్వవే అని ఒక్క మాట చెప్పలేకపోయాడు. "నువ్వు నన్ను మోసం చేశావు" అన్నాను. ఆయన అవునన్నాడు. కాదంటే పోట్లాడేదాన్ని. అవునన్న మనిషితో ఏం చెయ్యాలో పదకొండేళ్ళ పిల్లకు తెలీదు. నోట్‌బుక్కులో గుర్రం ఉన్న కాగితం చింపి ఆయన మంచం మీద పడేసి వచ్చాను. ఆ తరవాత ఆయనతో మాట మానేశాను, అన్నం పళ్ళెం తీసుకెళ్ళమన్నా వెళ్ళలేదు.

మరుసటి ఉగాదికి అవ్వ వచ్చింది. నేను ఏడాదంతా అనుకున్నట్టే చెంబు ఆమె చేతికివ్వబోయాను. పక్కింటివాళ్ళు వాకిట్లో ధాన్యం ఆరబోసుకుంటున్నారు. ఆమె చేతులు వెనక్కి తీసుకుని, వెంటనే దోసిలి పట్టింది.

"పైనుంచే పొయ్యండమ్మాయిగారూ."

"నీ పేరేంటవ్వా?" అని అడిగాను గొంతు తగ్గించి.

ఆమె నా మొహం కాసేపు చూసింది. "నీకెందుకే తల్లీ" అంది, నాకొక్కదానికే వినపడేలా. తరవాత గట్టిగా, "సున్నం అవ్వంటే చాలండి" అంది.

నేను పైనుంచే పోశాను. తాతయ్య మీద అంత మండిపడ్డదాన్ని, నేనూ అదే చేశాను. పక్కింటివాళ్ళు చూస్తున్నారు మరి.

ఆ పై ఏడు బండి వెనక ఎవరూ లేరు. ముసలమ్మ మాఘంలో పోయిందని, రాళ్ళు దించుతూ, బండివాడు మామూలుగా చెప్పాడు. తాతయ్య బావి దగ్గరికి నడిచి, కట్టుబట్టలతోనే నెత్తిన నాలుగు చేదలు దిమ్మరించుకున్నాడు. అయినవాళ్ళు పోయిన కబురు వింటే చేసే స్నానం అది. దారిన పోయే ఎవరో ఇదేమిటండీ ఈ వేళప్పుడని అడిగితే, ఒంటిమీద సున్నం పడిందన్నాడు. నేను అయిదో చేద తోడి నా నెత్తిన పోసుకున్నాను. తాతయ్య నా వైపు చూసి చేద అందుకుని, నాకు ఇంకొకటి తోడి పోశాడు. మేం మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే. క్షమించానని మాత్రం చెప్పలేను.

ఆ చింపిన కాగితం స్థానంలో నేనేమీ రాయలేదు. ఆమె పేరు నాకు తెలియలేదు, తెలిసినవాళ్ళందరూ పోయారు. కానీ ఈ వయసులోనూ, ఏ ముసలమ్మయినా మా గుమ్మం బయటే ఆగిపోయి నన్ను "అమ్మగారూ" అని పిలిస్తే, నేను మొదట చెంబు చేతికిస్తాను. ఆమె నాకేమవుతుందో అని ఒకసారి మొహంలోకి చూస్తాను.