దొరబాబు గారి గదిలో స్విచ్

మొన్న మా అమ్మాయికి రెండు గోల్డ్‌ఫిష్‌లు కొనిపెట్టడానికి పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్ళాను. చేపల తొట్లు దాటి వెనక వరుసలోకి తిరిగేసరికి ఒక వాసన తగిలింది. తడి ఇసుక, ఎర్రమట్టి కలిసి పెద్ద బల్బు వేడికి నెమ్మదిగా ఆరుతున్న వాసన. దానికి తోడు మేతకు అమ్మే కీచురాళ్ళ డబ్బాలోంచి వచ్చే పాత అట్టల వాసన. మామూలు మనుషులకైతే తుమ్ము వస్తుంది. నాకు అరచేతుల్లో చెమట పట్టింది. కాళ్ళు నన్ను అడక్కుండానే రెండడుగులు వెనక్కి వేశాయి. "నాన్నా, వై ఆర్ యూ స్వెట్టింగ్?" అంది అమ్మాయి. "హీటర్ ఎక్కువ పెట్టారమ్మా" అన్నాను. నిజానికి నాకు సుభద్ర గారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొస్తే ఆవిడ ఉడుమూ గుర్తొస్తుంది. ఆ రెండింటిలో దేనికి ఎక్కువ భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సుభద్ర గారు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో నా మొదటి బాసు. రాజమండ్రి మనిషి. అప్పటికి యాభై అయిదేళ్ళుంటాయి. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం మిషిగన్‌లో ఎవరికీ లేదు. కార్ల సీటు బెల్టుల బకిళ్ళను వేడిలోనూ చలిలోనూ పెట్టి, విరుగుతాయా నిలుస్తాయా అని చూడటం మా ల్యాబ్ పని. ఉడికించడం, గడ్డకట్టించడం, మళ్ళీ ఉడికించడం. వంట రాని నాకు వచ్చిన వంట అదొక్కటే. రిపోర్టు పట్టుకెళ్తే ఆవిడ అంకెలు చూసేవారు కాదు, నా మొహం చూసేవారు. "నూట ఎనభై దగ్గర క్రాక్ లేదని రాశావు. చూశావా?" "మెషీన్ చూపించింది మేడమ్." "మెషీన్ చూపించింది సరే, నువ్వు చూశావా?" అంతే. నేను మళ్ళీ బకిళ్ళు ఉడికే చాంబర్ దగ్గరికి, ఆవిడ మళ్ళీ కాఫీ దగ్గరికి. రెండు వేల ఎనిమిది చలికాలం అది. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు అట్టపెట్టెలో తమ సామాను సర్దుకుని పార్కింగ్ లాట్‌లోకి నడిచి వెళ్ళేవారు. నాది హెచ్ వన్ వీసా. ఉద్యోగం పోతే దేశమే పోతుంది. కాబట్టి ఆవిడ పిలిచిన ప్రతిసారీ నా గుండె కూడా అట్టపెట్టె వెతుక్కునేది.

డిసెంబరులో ఒకరోజు పిలిచి తలుపు వేయమన్నారు. అయిపోయిందనుకున్నాను. "నరేష్, మా అక్కకి ఆపరేషన్. మూడు వారాలు ఇండియా వెళ్తున్నా. మా దొరబాబుని చూసుకుంటావా?" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం ఉంది. దొరబాబు అంటే పిల్లి అనుకున్నాను. "తప్పకుండా మేడమ్" అన్నాను. ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్తే, వెనక గదిలో ఆరడుగుల పొడవు పెట్టె, ముందు వైపు గాజు, లోపల రాతి పలకల మీద ఒళ్ళంతా చుక్కలతో, తోక నిండా ముళ్ళతో దొరబాబు గారు పడుకుని ఉన్నారు. మూరెడు పొడవు ఉంటారేమో. తల తిప్పి నన్ను చూసి నాలుక బయటికి పెట్టారు. అది చివర రెండుగా చీలి ఉంది.

"ఇది ఉడుము కదా మేడమ్" అన్నాను.

"ఉడుమే, పొట్టి జాతి. ఆస్ట్రేలియా రకం, పుట్టింది ఒహాయోలో. మన ఉడుముని పెంచితే జైల్లో వేస్తారు, వీణ్ణి పెంచితే ఎవరూ ఏమీ అనరు. కరవడు. మరీ విసిగిస్తే తప్ప."

"విసిగియ్యడమంటే ఏంది మేడమ్?"

"నీలా వణుకుతూ చెయ్యి పెట్టడం."

ఆ తర్వాత గంటసేపు పాఠం. అడుగున్నర లోతు ఇసుకమట్టి ఎందుకంటే అది బొరియ తవ్వుకోవాలి, మట్టి కాస్త తడిగా లేకపోతే బొరియ కూలిపోతుంది. ఒక చివర రాతి పలకలు ఒకదాని మీద ఒకటి, మధ్య మధ్య సందులతో. పైపలక మీద దీపం వేడి నూట ముప్ఫై డిగ్రీలు ఉండాలి, ఫారెన్‌హీట్‌లో. రెండో చివర డెబ్భై ఎనిమిది. ఒళ్ళు వేడెక్కించుకోవడానికి ఇటు, చల్లబరుచుకోవడానికి అటు, దాని ఇష్టం. వేడి లేకపోతే తిన్నది అరగదు, ఎంత పెట్టినా వృథా. బతికున్న కీచురాళ్ళను సంచీలో వేసి, కాల్షియం పొడి చల్లి, పకోడీకి పిండి పట్టించినట్టు ఊపి, పొడుగు పట్టకారుతో అందించాలి. రోజూ కాదు, వారానికి నాలుగుసార్లు. నీళ్ళు మాత్రం రోజూ మార్చాలి. చివరికి వంటింటి టేబుల్ మీద ఒక కాగితం పెట్టారు. పొద్దున, సాయంత్రం గళ్ళు. వేడి చివర ఎంత, చల్లని చివర ఎంత, వాడెలా ఉన్నాడు. "ప్రతి గడీ నిండాలి" అన్నారు. పాఠంలో ఆవిడ మర్చిపోయినది ఒక్కటే, గుమ్మం పక్కనున్న స్విచ్.

ఆ గదికి పైకప్పులో లైటు లేదు. గుమ్మం పక్క స్విచ్ నొక్కితే గోడలోని ప్లగ్ ఒకటి పనిచేస్తుంది. ఆ ప్లగ్‌కి టైమరు, ఆ టైమరుకి దీపాలు. సుభద్ర గారు ఆ స్విచ్‌ని ఎన్నేళ్ళుగానో ముట్టుకోలేదు కాబట్టి అది ఉందనే మరిచిపోయారు. నేనేమో ఖమ్మంలో మా నాన్న పెంపకం. గదిలోంచి బయటికొచ్చే ప్రతి మనిషి చెయ్యీ స్విచ్ బోర్డు మీదుగా రావాల్సిందే. మనిషి లేని గదిలో లైటు వెలిగితే మా నాన్నకు అన్నం సహించేది కాదు. మొదటి వారం భయంతో రెండు చేతులూ ఒంటికి అదిమి పెట్టుకుని బయటికి పరుగెత్తేవాణ్ణి. అందుకని ఏమీ కాలేదు. రెండో వారం గురువారం పొద్దున కొంచెం ధైర్యం వచ్చింది. మామూలు మనిషిలా నడుస్తూ బయటికొచ్చాను. చెయ్యి తన పాత పని తాను చేసేసింది. వెనక్కి చూడకుండా తలుపు మూశాను.

ఆ సాయంత్రం మంచు మొదలైంది. నా భయానికి ఒక గౌరవమైన సాకు దొరికింది. ఇంత మంచులో డ్రైవ్ చేయడం ప్రమాదం కదా అనుకున్నాను. ఆఫీసుకు మాత్రం అదే మంచులో వెళ్ళాను. శుక్రవారమూ దొరబాబు దగ్గరికి పోలేదు. శనివారం పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి, కోటు కూడా విప్పకుండా వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని, ఖాళీగా ఉన్న మూడు గళ్ళూ నింపాను. గురువారం సాయంత్రం నూట ముప్ఫై. శుక్రవారం పొద్దున నూట ఇరవై తొమ్మిది. సాయంత్రం నూట ముప్ఫై ఒకటి. అన్నీ ఒకటే ఉంటే అనుమానం వస్తుందని అలా మార్చాను. ఆ మాత్రం ఇంజినీరింగ్ చదివాను. తర్వాత వెళ్ళి గది తలుపు తీశాను.

చీకటి. చల్లటి మట్టి వాసన. ల్యాబ్‌లో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూస్తే పైపలక మీద అరవై ఒకటి. ఊరెళ్తూ ఆవిడ ఇంటి హీటింగ్ అంతకే తగ్గించి వెళ్ళారు. టైమరు చక్రం ఏడున్నర దగ్గర ఆగిపోయి ఉంది, గురువారం పొద్దున ఏడున్నర. దొరబాబు ఎక్కడా లేడు. ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం, హాస్పిటల్ వరండాలో ఎవరినో పిలుస్తున్న మైకు వినిపిస్తోంది.

"మేడమ్, దొరబాబు చచ్చిపోయిండు."

"చూశావా?"

"లేదు, లోపల యాడనో ఉన్నడు. లైటు ఆరిపోయింది."

"చూడకుండా ఎలా చంపేశావయ్యా? పలక మీద వేడి ఎంతుందో నంబర్ చెప్పు."

చెప్పాను. "ఎప్పటి నుంచి?" అన్నారు. టైమరు నా కళ్ళ ముందే ఉంది. "నిన్న సాయంత్రం నుంచి అనుకుంట మేడమ్" అన్నాను. ఎందుకన్నానో తెలుసు. శుక్రవారాలు, అట్టపెట్టెలు, వీసా. "సరే. ఇంటి హీట్ పెంచు, దీపం వేయి. పలకలు పై నుంచి ఒక్కొక్కటే తియ్యి. లాగితే మీద పడి వాడు నలిగిపోతాడు. దొరికాక రెండు చేతుల్లో పెట్టుకో. తొందరపడి దీపం కింద పెట్టకు, చేతుల వేడి చాలు. ఫోన్ పెట్టేస్తున్నా, నీకు రెండు చేతులూ కావాలి."

గుమ్మం పక్క స్విచ్ నొక్కితే దీపం వెలిగింది, దాన్ని ఆపింది నా చెయ్యేనని అప్పుడు తెలిసింది. దొరబాబు నాలుగో పలక కింద ఉన్నాడు. కళ్ళు మూసుకుని, ఫ్రిజ్‌లోంచి తీసిన బెండకాయలా చల్లగా, మెత్తగా. ముట్టుకోవాలంటే కళ్ళు మూసుకోవాలి. మూసుకుంటే నలిపేస్తానేమో. తెరిచే పట్టుకున్నాను. పంటి కింద పెదవి ఉప్పగా అయ్యింది. ఆ గది కార్పెట్ మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఉడుము పట్టు అని ఊరికే అంటారు, ఆ పొద్దున పట్టు నాది. చాలాసేపటికి నా బొటనవేలి మీద ఒక గోరు కదిలింది. తర్వాత ఒక కన్ను తెరిచాడు. నన్ను చూసి మళ్ళీ మూసుకున్నాడు. అందులో తప్పేమీ లేదు.

బతికాడు గానీ తినలేదు. ఆ రోజూ, మర్నాడూ, ఆ వారమంతా. పట్టకారుతో కీచురాయిని మొహం ముందు ఊపితే తల తిప్పుకునేవాడు. తోక మొదలు దగ్గర కండ తగ్గి ఎముక గీతలా తేలింది. నేను రోజుకు మూడుసార్లు వెళ్ళేవాణ్ణి. టేబుల్ మీది కాగితం జోలికి మాత్రం, కొత్త గడి నింపేటప్పుడు తప్ప, పోయేవాణ్ణి కాదు. ఆ మూడు అంకెలు అందమైన నా చేతిరాతలో అక్కడే ఉన్నాయి. చింపేసి కొత్తది రాద్దామని రెండుసార్లు పెన్ను తీశాను.

సుభద్ర గారు దిగిన రోజు నేనే ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చాను. సూట్‌కేసులు గుమ్మంలోనే వదిలేసి, నేరుగా వెనక గదికి వెళ్ళి వాణ్ణి ఎత్తుకున్నారు. వేలితో తోక తడిమారు. వాణ్ణి చున్నీలో చుట్టుకునే వచ్చి వంటింట్లో కూర్చుని కాగితం తీశారు. వేలు ఒక్కో గడి మీదుగా దిగింది. నా మూడు అంకెల మీదుగా కూడా దిగింది.

"ఒక్క రాత్రి చలికి ఇంత తగ్గకూడదే. శుక్రవారం సాయంత్రం దాకా నూట ముప్ఫై ఒకటి ఉంది కదా. స్ట్రెస్ అయ్యుంటుంది. ఇంకో వారం చూద్దాం, వెట్ డాక్టరు దాకా ఎందుకు" అన్నారు, నాతో కాదు, వాడితో.

అంటే నా అంకెలు వాణ్ణి ఇంకో వారం ఇంట్లోనే ఉంచబోతున్నాయి. ఇంకో వారం వాడు ఆగడు, తోక చూస్తే నాకే తెలుస్తోంది. ఆవిడకు తెలియకపోవడానికి కారణం నేను. "మేడమ్, ఒక్క రాత్రి కాదు. రెండు రోజులు" అన్నాను. "గురువారం పొద్దున నేనే స్విచ్ ఆపిన. తర్వాత రానే లేదు. ఆ మూడు గళ్ళు ఈడ కూర్చోని రాసిన."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. చున్నీ సర్దుకుని, పెన్ను నా ముందుకు తోశారు. "కొట్టెయ్యి. ఒక్క గీతే, కింద నువ్వు రాసింది కనపడాలి. పక్కన నిజం రాయి."

"ఏమని రాయాలె?"

"ఏం చేశావో అదే. చూడలేదు."

మూడుసార్లు రాశాను. చూడలేదు. చూడలేదు. చూడలేదు. ఆవిడ పెన్ను తీసుకుని, కాగితం అడుగున తన చేతిరాతలో 'స్విచ్ గురించి చెప్పలేదు' అని రాసి పొట్టి సంతకం పెట్టారు. "నా గడి నాది, నీ గడి నీది" అన్నారు. "చూడలేదని ఆ రోజే చెప్పుంటే నేను ఫోన్‌లోనే వెట్‌కి పంపేదాన్ని. ఖాళీ గడి ఎవర్నీ చంపదు నరేష్. కార్ స్టార్ట్ చెయ్యి."

వెట్ రెండు గంటలు ఉంచుకుని సెలైన్ లాంటిదేదో ఎక్కించాడు, మందు ఇచ్చాడు. పన్నెండో రోజు పొద్దున దొరబాబు ఒక కీచురాయిని తిన్నాడని ఆవిడ ల్యాబ్‌లో నా టేబుల్ దగ్గరికి వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. నా ఉద్యోగం గురించి ఆ పన్నెండు రోజుల్లో ఒక్క మాటా అనలేదు. నేను మాత్రం ప్రతి శుక్రవారమూ ఒక అట్టపెట్టె కారులో సిద్ధంగా పెట్టుకుని వెళ్ళాను.

ఆ తర్వాతి చలికాలం మళ్ళీ తలుపు వేయమన్నారు. అక్కకు బాగాలేదట, ఆరు వారాలట.

"నాకా మేడమ్? మళ్ళా?"

"రెండు రోజుల చలి ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుని చూసినవాడివి ట్రాయ్ మొత్తంలో నువ్వొక్కడివే. ఇంకెవరికి ఇవ్వమంటావు?"

ఆ ఆరు వారాలూ మొదటిసారి కంటే ఎక్కువ భయపడ్డాను. మొదటిసారి వాణ్ణి చూసి భయం, రెండోసారి వాడికేమవుతుందోనని. మొదటి రకం నన్ను ఆ గదికి దూరంగా ఉంచింది, రెండో రకం మంచులో కూడా కారు తీయించింది. సుభద్ర గారు, దొరబాబు ఇద్దరూ ఇప్పుడు లేరు. రెండో రకం భయం నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు బకిళ్ళ రిపోర్టుల మీద చివరి సంతకం నాది. పెన్ను పెట్టేముందు ఆ భయం ఒకసారి పలకరిస్తుంది. అది పలకరించని రోజు సంతకం పెట్టను. లేచి చాంబర్ దగ్గరికి వెళ్తాను.