నేవియస్‌కి దక్కిన కొడుకు

మా రోమన్ దండులో కొత్తగా చేరినవాణ్ణి ‘తీరో’ అంటారు. చెక్క కత్తితో గుంజను కొట్టడం నేర్చుకునే నాలుగు నెలలే ఆ పిలుపు. అసలు కత్తి చేతికొచ్చాక కూడా అలా పిలిస్తే కొట్లాటే. శతాధిపతి టర్పిలియస్ మాత్రం నేవియస్‌ని ఆరేళ్ల తర్వాతా అలాగే పిలిచేవాడు.

సిపాయిలకు పెళ్లి కూడదని చట్టం. అయినా కోట బయటి గుడిసెల్లో అందరికీ సంసారాలున్నాయి. నేవియస్‌కి అడ్నామ ఉండేది, పాలు తాగే కొడుకుండేవాడు. ఆ చలికాలం పిల్లవాడికి జ్వరం తగిలింది. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. నేవియస్ పరుగున వచ్చి సెలవడిగాడు.

“ఒక్క పూటండి. బిడ్డకి ఊపిరాడట్లేదు.”

“తీరోలకి బిడ్డలేంట్రా? చట్టం తెలీదా? పో, కందకం తవ్వు.”

తవ్వి వెళ్లేసరికి అడ్నామ ఊపిరాగిన పిల్లవాణ్ణి గుడ్డలో చుట్టేసింది.

“టర్పిలియస్‌ని చంపేస్తావా?” అని అడిగాడు అదే డేరాలో ఉండే పెడియస్.

“చస్తే వాడికి సుఖం,” అన్నాడు నేవియస్.

మంచు కరిగాక నది అవతల శత్రువులు టర్పిలియస్‌ను బురదలో చుట్టుముట్టారు. అందరూ వెనక్కి తగ్గుతుంటే నేవియస్ ముందుకు దూకాడు. ఇద్దరిని పొడిచి, మిగతావాళ్లు పారిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

“వాణ్ణి కాపాడతావేంట్రా, పిచ్చోడా?” అన్నాడు పెడియస్.

“వాడు నాకు బతికే కావాలి.”

తోటి రోమన్‌ను కాపాడినవాడికి ఓక్ ఆకుల కిరీటం పెడతారు. ప్రాణం దక్కినవాడు అది అందరి ముందూ ఒప్పుకుని, బతికున్నంతకాలం కాపాడినవాణ్ణి తండ్రిగా చూసుకోవాలి. మామూలుగా కాపాడినవాళ్లు మొహమాటపడి, అదంతా వద్దులే అనేస్తారు.

టర్పిలియస్ కిరీటం పెట్టి గబగబా వెనుదిరిగాడు.

“ఏమని పిలవాలో మర్చిపోయావా, బాబూ?” అన్నాడు నేవియస్.

“...నాన్నా.”

“వెనక వరసకి వినపడలేదు.”

“నాన్నా!”

దండంతా గొల్లున నవ్వింది.

ఆ సాయంత్రమే నేవియస్ అతన్ని గుడిసెల వెనక ఉన్న చిన్న మట్టిదిబ్బ దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఇదుగో, నీ తమ్ముడు. నక్కలు తోడేస్తున్నాయి. చుట్టూ కందకం తవ్వు, తీరో.”

టర్పిలియస్ శతాధిపతి హోదాకి గుర్తైన ద్రాక్షకర్రను పక్కన పెట్టి గడ్డపార అందుకున్నాడు. అడ్నామ రాయి మీద కూర్చుని, రెప్పవేయకుండా చూసింది. అతను చెమట తుడుచుకుంటూ ఆగినప్పుడు మాత్రం నోరు విప్పింది.

“ఇంకా లోతుగా.”