ఆసుపత్రి కౌంటర్ దగ్గర నా నోరు తెరిపించిన దేవుడు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా భార్యను నాకు తిరిగి ఇచ్చి, మాకు మిగిలిన తోటను కూడా నిలబెట్టిన దేవునికి ముందుగా నా స్తోత్రములు.

ఒకప్పుడు ఆగిరిపల్లి దారిలో కనుచూపు మేర మా కుటుంబపు మామిడితోటలే ఉండేవి. నా తరానికి వచ్చేసరికి మిగిలింది ఒక్క చిన్న తోట, దానితోపాటు ఎవరి ముందూ తల వంచకూడదన్న పట్టుదల. ఆ తోట కాపే మా ఇద్దరి బతుకు. మొన్న చెట్లు పూత మీద ఉండగా నా భార్య సుగుణ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, మా ఇన్సూరెన్స్ కార్డు చెల్లే ఆసుపత్రి ఏదో కనుక్కుని మరీ విజయవాడ తీసుకువెళ్ళాను. పిత్తాశయం వాచింది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. "క్యాష్‌లెస్ ఉందండీ, మీరేం కట్టక్కర్లేదు" అని కౌంటర్‌లో అమ్మాయి చెప్పింది. ఆపరేషన్ బాగా జరిగింది, దేవునికే మహిమ!

తీరా ఇంటికి పంపే రోజున వేరే బిల్లు ఒకటి చేతిలో పెట్టారు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు బయటినుంచి వచ్చారట, ఇన్సూరెన్స్ కంపెనీ జాబితాలో ఆయన పేరు లేదట, ఆయన ఫీజు మేమే కట్టాలట! వెనక నలుగురు నిలబడి చూస్తుంటే ఎందుకని అడగడానికి మనసొప్పక "సాయంత్రంలోగా కడతాను" అనేసి బయటికి వచ్చి, ఎన్నాళ్ళుగానో మా తోట కోసం తిరుగుతున్న వ్యాపారికి ఫోన్ చేసి, అతను చెప్పిన ధరకే కొన్నేళ్ళ కాపు గుత్తకు ఇస్తానన్నాను. అడ్వాన్సు పట్టుకుని వస్తానన్నాడు. "ప్రభువా, నా పరువు కాపాడు" అని ప్రార్థించాను గాని, మనసుకు నెమ్మది రాలేదు సహోదరులారా!

సంగతి విని సుగుణ మంచం మీదే లేచి కూర్చుంది.

"ఎందుకు కట్టాలో అడిగారా?"

"మనం బేరాలాడే మనుషులం కాదు."

"బేరం ఎవరాడమన్నారండీ? పొద్దున్నే మోకాళ్ళ మీద దేవుణ్ణి అన్నీ అడుగుతారు, కౌంటర్‌లో ఆ పిల్లని ఒక్క మాట అడగలేరా? నన్ను వెళ్ళమంటారా, ఈ కుట్లతో?"

ఆ మాట నన్ను పొడిచింది! గోడవైపు తిరిగి, "ప్రభువా, పరువు సంగతి వదిలేశాను, నాకు నోరు ఇవ్వు" అని కన్నీళ్ళతో వేడుకున్నాను.

వెళ్ళాను, అందరి ముందే అడిగాను. "బయటి డాక్టరుగారు వస్తారని, వేరే కట్టాలని మాకు ముందు ఎవరు చెప్పారమ్మా?" ఆ అమ్మాయి తడబడి మేనేజరును పిలిచింది. అదే సమయానికి ఆ డాక్టరుగారే రోగులను చూసి అటుగా వచ్చారు! సంగతి విని మేనేజరుతో, "నన్ను పిలిచింది మీరు కదండీ, వీళ్ళకి చెప్పకుండా ఎలా వసూలు చేస్తారు? నా ఫీజు కంపెనీ మీకిచ్చే దాంట్లోంచే ఇవ్వండి" అన్నారు. మేనేజరు కంపెనీవాళ్ళతో మాట్లాడి వచ్చి, పొరపాటు తమదేనని ఆ బిల్లు రద్దు చేశారు. ఆ డాక్టరుగారిని ఆ గడియలో అక్కడికి నడిపించింది ఎవరు? హల్లెలూయా!

వెంటనే వ్యాపారికి ఫోన్ చేశాను. "అదేంటండీ బాబుగారూ, హనుమాన్ జంక్షన్ దాటేశాను!" అని మొత్తుకున్నాడు. "అక్కడే టీ తాగి వెనక్కి వెళ్ళండి, తోట ఇవ్వడం లేదు" అన్నాను. ఎంతకాలం తర్వాత నవ్వానో!

సహోదరులారా, మీలో ఎవరైనా సిగ్గుపడి మౌనంగా భారం మోస్తుంటే, మన ప్రభువును నమ్మి నోరు తెరవండి, ఆయన మిమ్మల్ని చిన్నబుచ్చడు. ఈ సంఘంలో ఇన్నేళ్ళు కానుకలు ఇచ్చాను గాని, నా కోసం ప్రార్థించమని ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. సుగుణకు ఇంకా నీరసం తగ్గలేదు. దయచేసి ఆమె కోసం ప్రార్థించండి.