భుజం దాటిన చెయ్యి

పల్నాటి చరిత్రలో కత్తులకు దక్కిన చోటు ఏసోబు కుడిచేతికి దక్కలేదు. అది చరిత్రకారుల లోపం. కామందుల ముందు ఏనాడూ భుజం దాటని ఆ చెయ్యి, పంచాయతీ సభలో ఓటంటే చెయ్యెత్తడమేనని గురజాల నుంచి వచ్చిన గ్రామసేవకుడు చెప్పిన నాటి నుంచి సాధన మొదలుపెట్టింది. ఏసోబు నాగలి ఆపి ఎత్తేవాడు, గంజి తాగుతూ ఎత్తేవాడు. సాయంత్రాలు మాలపల్లెనంతా కూర్చోబెట్టి ఎత్తించేవాడు. "చంకలో కోడిపిల్లను దాచావా ఏంది, జ్ఞానయ్య మామా? పైకెత్తు!" అని కసిరేవాడు. ఇదంతా మాలపల్లెకు ఒక మంచినీళ్ల బావి కోసం.

సభలో ప్రెసిడెంటు "బావి కావాలనేవాళ్లు చేతులెత్తండి" అనగానే ఏసోబు ఎత్తాడు. వెనక నుంచి ప్రెసిడెంటు మనిషి దుడ్డుకర్రతో కొట్టాడు. మోచెయ్యి ఫెళ్లున విరిగింది. తలమీద పడ్డ రెండో దెబ్బకు నెత్తురు కళ్లలోకి కారింది. పల్లె చేతులన్నీ చంకల్లో దూరాయి. ఏసోబు ఎడమ చెయ్యెత్తాడు.

"సభలో ఎడం చెయ్యేందిరా, మర్యాద లేకుండా? అది లెక్కలోకి రాదు," అన్నాడు ప్రెసిడెంటు.

ఏసోబు భార్య ఎస్తేరు లేచి, వేలాడుతున్న ఆ కుడిచేతిని పట్టుకుని నిలువునా పైకెత్తింది. "ఇదిగో అయ్యా, కుడిదే. లెక్కెట్టుకో!"

ఏసోబు పెట్టిన కేకకు పల్లె చేతులన్నీ లేచాయి.

బావి తవ్వారు. తియ్యటి నీళ్లే పడ్డాయి. చేద లాగేది మాత్రం ఎస్తేరే. ఏసోబు చెయ్యి మళ్లీ భుజం దాటలేదు.