జీలుగ తిన్న గేదెలు

మా చౌడు చేను మళ్ళీ ఎలా పండిందో నేను రాసిపెట్టక తప్పదు. ఊళ్ళో ఇప్పటికే మూడు రకాలుగా చెబుతున్నారు. మూడింటిలోనూ నా చదువు ఊసు లేదు.

రేపల్లె అవతల మాకు ఎకరంన్నర ఉండేది. ఎండాకాలం నేల మీద ఉప్పు తెల్లగా పేరుకునేది, వరి నాటితే ఎర్రబడి పోయేది. తొంభైల్లో చుట్టుపక్కల రొయ్యల చెరువులు మొదలయ్యాయి. "ఈ ఏడు కూడా పండకపోతే చెరువుకి ఇచ్చేస్తా," అన్నాడు నాన్న. ఒకసారి చెరువు తవ్వితే అది మళ్ళీ చేను కావడం కష్టమని నాకు తెలుసు. తెనాలి లైబ్రరీలో వ్యవసాయం బీరువా మొత్తం రెండుసార్లు చదివినవాణ్ణి.

పుస్తకంలో ఉన్నట్టే తొలి వానకి జీలుగ చల్లాను. పూతకొచ్చాక కలియదున్నితే చౌడు తగ్గి నేలకు సత్తువ వస్తుంది. మొక్క మోకాలెత్తు లేచింది. పూత ఏ రంగులో ఉంటుందో సరిచూసుకోవడానికి నేను తెనాలి బస్సెక్కిన రోజున చేలోకి గేదెలు వచ్చాయి.

కోతలయ్యాక కాలవకి నీళ్ళొదిలేదాకా మా వైపు ఎవరి పశువైనా ఎవరి చేలోనైనా మేస్తుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. పుస్తకంలో లేదు కాబట్టి గుర్తురాలేదు.

వచ్చేసరికి సగం చేను మోళ్ళు. నాన్న గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఏరా, నీ పుస్తకంలో గేదెలు లేవా?"

"అవి పాడి బీరువాలో ఉంటాయి నాన్నా. అది వేరు."

గేదెలు వరసకి పిన్నయ్యే ఆవిడవి. పోట్లాటకి వెళితే పిడకలు కొడుతోంది.

"ఏంటి బాబూ, తిన్నదేమన్నా మా ఇంటికి మోసుకొచ్చాయా? అంతా మీ చేలోనే పెట్టొచ్చాయి. ఇక్కడ పిడకలకి పేడ చాలక నేను ఏడుస్తుంటే!"

వెళ్ళి చూశాను. నిజమే. తిరిగి పిన్ని దగ్గరికే వచ్చాను.

"అయితే పిన్నీ, నెల రోజులు మంద అక్కడే కట్టెయ్యి."

"ఊరికేనా?"

"మా వామిలో సగం గడ్డి నీది."

"మీ నాన్న ఒప్పుకుంటాడా?"

"గడ్డి తోలుకెళ్ళాక చెబుతా."

పేడ ఎరువు చేనంతా పడేలా రోజూ చోటు మార్చి కట్టాలన్నది నా ఆలోచన. తనూ అదే అనబోతున్నానంది పిన్ని. మిగిలిన సగంలో జీలుగ పూసింది, దున్నేశాను. పూత పసుపు రంగే.

ఆ ఏడు వరి పచ్చగా నిలిచింది. గొప్ప పంటేం కాదు, కొడవలి పెట్టేంత పండింది. పుస్తకం వైపు బాగుంది. గేదెల వైపు ఇంకాస్త బాగుంది.

చెరువు కోసం వచ్చినాయనతో నాన్న, "ఖాళీ లేదండి. వేసవిలో అక్కడ గేదెలు పడుకోవాలి," అన్నాడు.

పేర్లు రాయొద్దన్నారు కనక వరసలతోనే కృతజ్ఞతలు: పిన్నికి, ఒక్క ఏడు ఆగిన నాన్నకి, లైబ్రరీలో నన్ను చూడగానే బీరువా తాళం తీసే అటెండరు బాబాయికి, ముందుగా మా గట్టు దాటిన కొమ్ము విరిగిన గేదెకి.