మా బావ, ఆయన బూటు లేసు

మా బావకు ఒకటే జబ్బు. పట్టుమని పది నిమిషాలు నడిచాడో లేదో, లేసు కట్టుకోవాలంటూ ఆగి వంగుతాడు.

ఆయనేం సామాన్యుడు కాడు. ఒలింపిక్స్‌లో నడక పందెం నడిచినవాడు. మామూలు రోజుల్లో పోస్ట్‌మాన్, ఏడాదికో నెల రిజర్వు సైన్యంలో సిపాయి. దర్జీనైన నేనూ అదే దళంలో ఉన్నాను. ఒలింపిక్స్‌లో కూడా మధ్యలో వంగి లేసు కట్టుకుని, పద్నాలుగో స్థానంలో వచ్చాడు.

"బాధగా లేదా బావా?" అని అడిగితే, "లేసు ఊడితే బోర్లా పడతాం కదరా!" అన్నాడు.

మా అక్క గోల ఇంకోటి. "ఈయనతో బజారుకెళ్ళలేను బాబూ! సంచి మోసుకుంటూ నేను వెనకాల వస్తుంటే, వీధికి రెండుసార్లు వంగుతాడు. చూసినవాళ్ళు నాకు దండం పెడుతున్నాడనుకుంటున్నారు!"

"పెడితే తప్పేముందే?" అనేవాడు బావ.

రిజర్వు వాళ్ళకి ఏటా ఓ పరీక్ష ఉంటుంది. వీపున పదిహేను కిలోల సంచితో, నాలుగు గంటల్లో ఇరవై కిలోమీటర్లు నడవాలి. వరుసగా రెండేళ్ళు తప్పితే పేరు కొట్టేస్తారు. పోయినేడు నేను తప్పాను. రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునేవాణ్ణి, నాకంటే ముందు నా బొజ్జ నడుస్తుంది. కానీ దళంలో నూట ఇరవై మందికీ యూనిఫాం కుట్టింది నేనే. వాళ్ళంతా అవి తొడుక్కుని వరుసలో నిలబడితే, నేనొక్కణ్ణీ మెడలో టేపు వేసుకుని గేటు బయట నిలబడాలా? తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

ఈసారి ఈల వేయగానే బావ రివ్వున వెళ్ళిపోయాడు. సొంత బావమరిదిని వదిలేసి పోతాడా అని తిట్టుకుంటూ నడిచాను. రెండో కిలోమీటరు రాయి దగ్గర చూద్దును కదా, వంగి లేసు కట్టుకుంటున్నాడు! దాటేశాను. ఒలింపిక్స్ మనిషిని నేను దాటేశాను! ఎక్కడలేని హుషారొచ్చింది.

"ఏం బావా, పోస్టాఫీసులో ముడి వేయడం నేర్పలేదా?"

"నోరు కాదురా, కాళ్ళు ఆడించు!"

మళ్ళీ ఆయన దాటాడు, మళ్ళీ వంగాడు, మళ్ళీ నేను దాటాను. పదమూడో కిలోమీటరు దగ్గర నా పని అయిపోయింది, కూలబడబోయాను. సరిగ్గా పది గజాల ముందు వంగి ఉన్నాడు మహానుభావుడు. వదులుతానా? మూలుగుతూనే దాటాను. ఇలా పదకొండుసార్లు. నేను గీత దాటేసరికి మూడు గంటల యాభై ఏడు నిమిషాలు. నా వెనకాల బావ, అందరికంటే చివర.

"దర్జీ చేతిలో ఓడిపోయావటయ్యా!" అన్నాడు కెప్టెన్. దళమంతా విరగబడి నవ్వింది.

"ఏం చేయను సార్, పాడు లేసులు!" బావ తల గోక్కున్నాడు.

గెలిచినవాడికి కాస్త జాలి ఉండాలి కదా. "కాలు ఇటు పెట్టు బావా. ముడంటే ఎలా ఉంటుందో దర్జీ చూపిస్తాడు" అంటూ ఆయన ముందు కూర్చుని, బూటు మీదికి జారిన ప్యాంటు అంచు పైకి లాగాను.

ఆ బూటుకి లేసు లేదు. పక్కన జిప్పు ఉంది. రెండోదీ అంతే.

తలెత్తి చూశాను. బావ ఆకాశంలో ఏదో కనిపించినట్టు తెగ నటిస్తున్నాడు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. ఇంత మంచివాణ్ణి పట్టుకుని దారి పొడుగునా ఎన్నెన్ని మాటలన్నాను!

"ఇంకా కాలేదా దర్జీ?" వెనక నుంచి అరిచారు.

"ఉండండయ్యా, బాగా వదులైపోయింది!" అని, లేని లేసుకి రెండు ముళ్ళు వేసి గట్టిగా బిగించాను.